‘రోజూ రెండు గంటలు బయట తిప్పండి’ సరే, ఆ బయట ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో, సెలవుల్లో పిల్లల్ని ఫోన్లకు దూరంగా ఉంచడానికి పది చిట్కాలు వేశారు. తొమ్మిదింటితో నాకు పేచీ లేదు, వాటిలో సగం మేమూ చేస్తున్నవే. పదోది మాత్రం ఒక్క లైను, ‘పిల్లల్ని ప్రకృతిలో ఆడుకోనివ్వండి’ అని. అంతే, ఫుల్‌స్టాప్. నిజాంపేటలో నాలుగో అంతస్తులో కాపురం ఉండే నాలాంటిదానికి మిగతా తొమ్మిదీ కలిపినా ఆ ఒక్క లైనంత కష్టం కాదు. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, ఎక్కడ కత్తిరించినా సరే గానీ చివర్లో మిమ్మల్ని ఒకటి అడిగాను, అది మాత్రం ఉంచండి.

మా కథ కళ్లద్దాలతో మొదలైంది. పోయినేడు జూన్‌లో బడులు తెరిచిన వారానికే మావాడి టీచర్ ఫోన్ చేసి, బోర్డు మీద రాసింది పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసుకుంటున్నాడు, ఒకసారి కళ్లు చూపించండి అంది. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. చూపిస్తే రెండు కళ్లకీ మైనస్ ఒకటిన్నర పైనే ఉంది. టీవీ దగ్గర్నుంచి చూస్తాడండీ, ఫోన్ ఎక్కువైందండీ అని నేను నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పుకుపోతుంటే డాక్టర్‌గారు ఆపి, అదంతా సరే, రోజుకి ఎంతసేపు బయట ఉంటాడు అని అడిగారు. నాకు లెక్క తేలలేదు. పొద్దున గేటు దగ్గర బస్సు కోసం ఐదు నిమిషాలు, సాయంత్రం బస్సు దిగి లిఫ్టు దాకా రెండు నిమిషాలు. ఆదివారం మాల్‌కి వెళ్తాం, కానీ అదీ లోపలే కదా. “వచ్చిన పవర్ బయట తిరిగితే పోదమ్మా, వీడు అద్దాలు పెట్టుకోవాల్సిందే” అని, నా పక్కన కూర్చుని కాళ్లు ఊపుతున్న ఆరేళ్ల పాపని చూపించి, “దీనికింకా రాలేదు, దీన్నైనా రోజూ రెండు గంటలు వెలుతురులో తిప్పండి” అన్నారు. మాత్రలు లేవు, చుక్కల మందు లేదు, బయట తిప్పండి, అంతే.

ఇంటికొచ్చి నమ్మకం కుదరక చదివాను. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం ఒకటి 2015లో అచ్చయింది. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ పెట్టారు, మిగతా సగంలో ఏ మార్పూ లేదు. మూడేళ్ల తర్వాత చూస్తే, బయటికి పంపిన బడుల్లో 30.4 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి (మావాడిలా దూరంవి మసగ్గా కనిపించడం) వచ్చింది, పంపని చోట 39.5 శాతం. తైవాన్‌లో అయితే 2010 నుంచి పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని బడుల్లో కార్యక్రమమే నడుపుతున్నారు. ఇదంతా వెలుతురు మహిమ అంటున్నారు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, ఇంట్లో లైట్ల కింద అది మూడు నాలుగు వందల లక్స్ ఉంటే గొప్ప, బయట ఎండలో పది వేలు దాటిపోతుంది, చెట్టు నీడలో కూర్చున్నా ఇంట్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే బయట పిల్లలు కబడ్డీ ఆడినా, గోడ మీద కూర్చుని కాళ్లు ఊపినా కంటికి ఒకటే. నాకు అది చదివాక ప్రాణం లేచొచ్చింది, కోచింగ్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు, డ్రెస్ అక్కర్లేదు, ఊరికే బయట ఉంటే చాలు.

చీటీ పట్టుకుని మందుల షాపులు తిరిగినట్టు ఆ ‘బయట’ కోసం తిరగడం మొదలుపెట్టాను.

మా అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో పిల్లలు ఆడుకునే స్థలం అని ఆకుపచ్చ రంగు వేసి ఉంది. అక్కడిప్పుడు జనరేటరూ నాలుగు కార్లూ ఉన్నాయి. టెర్రస్‌కి తాళం. సెల్లార్‌లో సైకిల్ తొక్కితే కార్లకు గీతలు పడుతున్నాయని వాట్సాప్ గ్రూపులో పంచాయితీ. రెండు వీధుల అవతల పార్కు ఉంది, చూడ్డానికి మంచి పార్కే, గేటు పక్కన పెద్ద బోర్డు: గడ్డిపై నడవరాదు, పూలు కోయరాదు, చెట్లు ఎక్కరాదు, బంతి ఆటలు ఆడరాదు. అన్నింటికీ కింద ‘ప్రకృతిని ప్రేమిద్దాం’. మా పాప అక్షరాలు కూడబలుక్కుని అంతా చదివి “మరి ఇక్కడ ఏం చెయ్యాలమ్మా?” అంది. వాకింగ్ చెయ్యాలి తల్లీ, టైల్స్ మీద, గుండ్రంగా, అందరూ ఒకే వైపు. పదింటికి తాళం వేసి మళ్లీ సాయంత్రం తీస్తారు, పిల్లలకి సెలవులుండే వేళకి అది మూసే ఉంటుంది.

ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. పార్కుల్లో పెట్టే ప్లాస్టిక్‌వాటిని కూడా మనం జారుడుబండ అనే అంటాం కదా, అందులో బండ ఏదీ? ఈ ఊళ్లో బండలకి కొదవేమీ లేదు, హైదరాబాద్ కింది గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లు అంటారు. పన్నెండేళ్ల కిందట మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో మా వీధి చివర ఏనుగు వీపులాంటి బండ ఒకటి ఉండేది, ఎన్ని తరాల పిల్లలు జారారో గానీ ఒక పక్క నూనె రాసినట్టు మెరిసేది. దాన్ని పేల్చి అక్కడ అపార్ట్‌మెంట్ కట్టారు. ఇప్పుడా అపార్ట్‌మెంట్ లోపల ఎర్ర ప్లాస్టిక్ జారుడుబండ ఉంది, కింద రబ్బరు చాప.

చివరికి మాకు దొరికింది పక్క ప్లాటు. మూడు వందల గజాలు, ఓనర్ అమెరికాలో ఉంటారు, ప్రహరీ ఒక మూల కూలి ఉంది, నడుము లోతు పిచ్చి మొక్కలు. నిజం చెప్పాలంటే పన్నెండేళ్లుగా నేను దాన్ని బాల్కనీలోంచి చూసి దోమల కొంప అని తిట్టుకున్నదాన్నే. పాలమూరు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ పిల్లలిద్దరు మాత్రం పగలంతా అక్కడే ఉండేవాళ్లు, వాళ్లతో ఆడితే మనవాళ్లు చెడిపోతారని మా బిల్డింగ్‌లో కొందరి ఉద్దేశం. ఓనర్‌కి ఫోన్ చేయిస్తే, ఆడుకోనివ్వండి, గుడి గానీ గుడిసె గానీ లేవకుండా చూస్తే చాలన్నారు. నేనూ ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి ఒక ఆదివారం సీసా పెంకులు ఏరేశాం, వయ్యారిభామ మొక్కల్ని గ్లవుజులు వేసుకుని వేళ్లతో సహా పీకేశాం (అది ఒంటికి తగిలితే దురద, కొందరికి ఆయాసం, పిల్లలు తిరిగే చోట ఉండకూడదు). మిగతావి ఉంచేశాం.

మొదటిరోజు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తే నవ్వుతారు. ఇంటర్నెట్‌లో వెతికి, ప్రకృతిలో ఇవి వెతకండి అని బొమ్మలున్న కాగితం ఒకటి ప్రింట్ తీసి తలా ఒకటి ఇచ్చాను. పైన్ కాయ, ఓక్ కాయ, ఎర్రటి మేపుల్ ఆకు, నాచు పట్టిన దుంగ. పిల్లలు పాపం అరగంట వెతికారు. నిజాంపేటలో పైన్ కాయ ఎక్కడ దొరుకుతుందండీ! జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ ఆ కాగితం చూసి, “గివన్నీ యాడియి బిడ్డా?” అని, వెనక్కి తిప్పి నాతో వేరే లిస్టు రాయించింది. తొండ, కందిరీగ గూడు, చీమల బారు, బట్టలకి అంటుకునే గింజ, ఏదైనా పిట్ట ఈక, పాము కుబుసం. పాము కుబుసం అనగానే ఒకావిడ తన పిల్లాణ్ని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది, ఆ ఒక్కటీ కొట్టేశాం. మిగతావన్నీ పావుగంటలో దొరికాయి.

తర్వాతి వారమంతా నరకం. “బోర్ కొడుతోంది”, “ఎంతసేపు ఉండాలి”, “కాళ్లు లాగుతున్నాయ్”, “ఫోన్ ఐదు నిమిషాలు”. నేను గడియారం పెట్టుకుని చూశాను, ఈ ఏడుపు రోజూ ఇరవై, పాతిక నిమిషాలు నడుస్తుంది. అది దాటేదాకా ఓర్చుకోవాలి. అక్కడే చాలామంది అమ్మానాన్నలు చేతులెత్తేసి ఫోన్ ఇచ్చేస్తారు, లేదా తామే లేచి ఆటలు ఆడించడం మొదలుపెడతారు, రెండోది కూడా తప్పే అని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను వేలు పెట్టి ‘అదిగో తూనీగ, దానికెన్ని రెక్కలు?’ అన్నానా, అది సైన్సు క్లాసు అయిపోయేది, అందరూ చల్లగా జారుకునేవాళ్లు. ఏమీ చూపించకుండా, ఏమీ అడగకుండా, ఇటుకల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉంటే మాత్రం ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ‘ఆంటీ, ఇది చూడండి’ అనేవాళ్లు. ఆ ‘ఇది చూడండి’ కోసం కూర్చోవడమే మా పని. ఫోన్లు పెద్దవాళ్లవి కూడా ఇంట్లోనే, అవసరానికి ఒక్కటి సంచిలో. లేకపోతే పిల్లలు మట్టిలో, తల్లులు రీల్స్‌లో.

వాచ్‌మన్ గది వెనక కరివేపాకు చెట్టుంది. జూలైలో ఒకరోజు ఆకు కోస్తుంటే రెమ్మ మీద వేలెడంత ఆకుపచ్చ పురుగు, నలిపేయబోయాను. వాచ్‌మన్ కూతురు, మూడో తరగతి, “ఆంటీ, సంపకుండ్రి, అది సీతాకోకచిలుక అయితది” అని నా చెయ్యి పట్టుకుంది. పుల్లతో మెల్లగా తాకి చూపించింది. తాకగానే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు, నాలుక చాపినట్టు, బయటికొచ్చాయి, ఘాటైన వాసన, కుళ్లిన నిమ్మకాయలాంటిది, క్షణంలో మళ్లీ లోపలికెళ్లిపోయాయి. అదే చెట్టు మీద చిన్న పిల్ల పురుగులు పిట్ట రెట్టలా నలుపూ తెలుపూ కలిసి ఉంటాయని, పిట్టలు మోసపోతాయని కూడా ఆ పిల్లే చెప్పింది. ఆ సాయంత్రం నుంచి నా కూతురికి వేరే లోకం లేదు. నాలుగోరోజు పురుగు కనిపించకపోతే ఒకటే ఏడుపు, వెతికితే కింది రెమ్మకి ఆనుకుని, నడుముకి సన్నని దారం కట్టుకుని, ముడుచుకున్న ఆకులా ఉంది. మొదట ఆకే అనుకున్నాం. తొమ్మిదో పదో రోజు పొద్దున్నే, బస్సు వచ్చే టైముకి, ఆ తొడుగు చీలి తడిసిన గుడ్డపేలికలాంటిది ఒకటి బయటికొచ్చి వేలాడింది. రెక్కలు విచ్చుకోడానికి అరగంట పైనే పట్టింది, నలుపు మీద పసుప్పచ్చ మచ్చలు. బస్సు వెళ్లిపోయింది. నేనే స్కూటీ మీద దింపాను, లేటుగా వచ్చినందుకు డైరీలో రాశారు, కారణం ‘సీతాకోకచిలుక’ అని రాసి సంతకం పెట్టాను.

అంతకు ముందు, జూన్ చివర్లోనే, ఆరుద్ర పురుగులు. మీ పాఠకుల్లో ఊళ్లలో పెరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఆరుద్ర కార్తెలో వాన వెలిసి ఎండ పొడగానే తడి నేల మీద ఎర్ర ముఖమల్ గుండీలు పారబోసినట్టు నడుస్తుంటాయి. నా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని బడికి తీసుకెళ్లినదాన్ని, తర్వాత ముప్పై ఏళ్లు వాటిని చూడలేదు, అసలు లేకుండా పోయాయనే అనుకున్నాను. మా బాల్కనీ నుంచి పాతిక అడుగుల దూరంలో ఏటా వస్తూనే ఉన్నాయని ఆరోజు తెలిసింది. మావాడు అరచేతిలో పెట్టుకుని, అద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని కాళ్లు లెక్కపెట్టాడు. ఎనిమిది. “అమ్మా, పురుగుకి ఆరే కదా ఉండాలి?” నిజమే, పేరుకి పురుగు గానీ అది సాలీడుకీ తేలుకీ చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి తొలి వానలకి కొద్ది రోజులు బయటికొస్తుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుంది, కరవదు. అందరం చూసి తిరిగి వదిలేశాం.

వినాయక చవితికి మరీ తమాషా. బజారులో పత్రి అని కట్ట కట్టి అమ్మేదాంట్లో ఏముంటుందో మీకూ తెలుసు, సుబాబుల్ కొమ్మ, ఏదో క్రోటన్, నాలుగు గరిక పోచలు. ఈసారి కొనలేదు. వ్రతం పుస్తకంలో ఇరవై ఒక్క పత్రాల పేర్లు మావాడు చదువుతుంటే అత్తమ్మ ఒక్కోదానికీ అసలు పేరు చెప్పింది. అర్కం అంటే జిల్లేడు, దత్తూరం అంటే ఉమ్మెత్త, బదరీ అంటే రేగు, సింధువారం అంటే వావిలి. అపామార్గం అంటే ఉత్తరేణి అనేసరికి పిల్లలంతా గోల, ఎందుకంటే రోజూ వాళ్ల సాక్సులకి అంటుకుని నాతో తిట్లు తినిపించే గింజ అదే. రెండు రోజులు ప్లాటూ, చుట్టుపక్కల వీధులూ, గుడి వెనక తిరిగి ఇరవై ఒక్కటిలో పదమూడు తెచ్చారు. ఉమ్మెత్త, గన్నేరు విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఆ మూడూ పెద్దవాళ్లే తెంపాలి, తర్వాత చేతులు సబ్బుతో కడగాలి అన్నది నియమం. మిగతా ఎనిమిది దొరకలేదని పూజలో కూర్చుని కూడా బాధపడ్డారు, దేవుడు సర్దుకుంటాడని అత్తమ్మ సముదాయించింది. బతుకమ్మకి గునుగు పువ్వంతా ఆ ప్లాటులోదే, తంగేడు కోసం మాత్రం బాచుపల్లి దాకా వెళ్లాల్సొచ్చింది.

జనవరిలో నాలుగైదు ఆదివారాలు పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి తీసుకెళ్లాం, మియాపూర్ దాటితే వచ్చేస్తుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, దేశంలో ఒక నగర చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. గట్టు మీద కొన్ని చోట్ల వాసన భరించలేం, అబద్ధమెందుకు. అయినా నలుపూ తెలుపూ లకుముకి పిట్ట ఒకటి నీటి మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి రాయి వేసినట్టు నిలువునా పడి చేపతో లేచింది, మా పదకొండు మంది పిల్లలు (రెండుతో మొదలై పదకొండయ్యారు) ఒక్క పెట్టున ‘ఓ’ అన్నారు. మొదట చూసింది మావాడే. అద్దాలొచ్చాక వాడికి దూరంవి మా అందరికన్నా బాగా కనిపిస్తున్నాయి.

ఇప్పుడు భయాల సంగతి. అందరూ నన్నడిగేవి ఇవే కాబట్టి దాటేస్తే బాగుండదు. కుక్కల భయం నిజం, ఒంటరిగా ఏ పిల్లనీ పంపను, గుంపుగా, ఒక పెద్దమనిషీ ఒక కర్రా. పాముల భయానికి బూట్లు, కర్రతో నేల తట్టుకుంటూ నడవడం, రాళ్ల కింద చెయ్యి పెట్టకపోవడం. డెంగీ దోమ పగలే కుడుతుంది, పొద్దున కాసేపు, చీకటి పడేముందు ఎక్కువ, కాబట్టి నిండు చేతుల చొక్కా, ప్లాటులో ఎక్కడ డబ్బా కనిపించినా బోర్లించడం పిల్లల డ్యూటీ. ఏప్రిల్, మే ఎండల్లో ఎనిమిది లోపల ఇంటికి. ఇన్ని నెలల్లో మాకు అయిన నష్టం మూడు మోకాళ్ల చెక్కుడు, ఒక కందిరీగ కుట్టు, లెక్కలేనన్ని సాక్సులు. ఆడపిల్లల తల్లులు ఇంకో భయం చెప్తారు, దానికి నా దగ్గర కర్రలాంటి జవాబు లేదు, నేను అక్కడ కూర్చుంటాను అని మాత్రం చెప్తాను, ఐదుగురు వస్తున్నారు.

నేనేమీ సన్యాసం పుచ్చుకోలేదు. మా ఇంట్లో టీవీ ఉంది, శనివారం కార్టూన్లూ ఉన్నాయి. ఐదేళ్ల లోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో కూడా రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి గంట మించవద్దని ఉంది గానీ, అసలే వద్దన్నది అంతకన్నా చిన్నవాళ్లకే. నా కోపం వేరే. పిల్లలు ఫోన్ వదలడం లేదని పొద్దస్తమానం వాళ్లనే అంటాం, ఫోన్ పక్కన పెట్టి లేచినవాడికి వెళ్లడానికి ఒక చోటు ఉందా లేదా అని మాత్రం చూడం. ఉన్న చోటుకి తాళం వేసి బోర్డు రాసింది మనం. పైగా అదే మట్టిని తిరిగి అమ్ముతున్నారు, పోయిన నెల ఒక రిసార్టులో రెండు రోజుల ‘నేచర్ క్యాంపు’కి మా ఎదురింటివాళ్లు ఒక్కో పిల్లకి ఆరువేల ఐదు వందలు కట్టారు. టైంటేబుల్‌లో ‘మట్టితో ఆట, 30 నిమిషాలు’ అని ఉంది. జల్లించిన మట్టట. చివర్లో సర్టిఫికెట్ కూడా.

ఫిబ్రవరిలో ప్లాటు అమ్ముడుపోయింది. ఓనర్ తప్పు లేదు, వాళ్ల స్థలం వాళ్లది, ఇన్ని నెలలు ఆడుకోనిచ్చారు. మార్చిలో పొక్లెయిన్ వచ్చి ఒక్క పూటలో చదును చేసింది, బోరు బండి వచ్చింది, ఇప్పుడు కొత్త బిల్డింగ్‌కి సిమెంటూ కంకరా దింపుకోడానికి ఆ మూడు వందల గజాలూ కాంక్రీటు పోశారు. పిల్లలు గోడ మీద కూర్చుని చూశారు. పదకొండు మంది మళ్లీ ఎవరి ఇళ్లలోకి వాళ్లు. మావాడు వారం రోజుల్లో పాత లెక్కకి వచ్చేశాడు, పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం రెండు.

కాబట్టి సలహాలు ఇవ్వడం మాని నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలి. మా చుట్టుపక్కల ఉన్న బడుల్లో కొన్నింటికి మంచి గ్రౌండ్లే ఉన్నాయి, వాటి చుట్టూ వేపచెట్లున్నాయి, ఆదివారాలూ సెలవులూ అవి ఖాళీగా ఎండుతుంటాయి. ఆరు నుంచి తొమ్మిది దాకా గేటు తీస్తే ఏం పోతుంది? తల్లిదండ్రులం వంతులవారీగా కాపలా ఉంటాం, రాసిస్తాం. జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులు పెట్టమన్నారు. మాకు తెలిసిన ఒక బడి అలాంటి రోజున పిల్లల్ని మాల్‌లో వీడియో గేముల దగ్గరికి తీసుకెళ్లింది, సంచి లేదు, నిజమే. ఒక చెరువుకో బండల గుట్టకో తీసుకెళ్లడానికి అంతకన్నా తక్కువే అవుతుంది.

పార్కు వాళ్లని అడిగేది ఇంకా చిన్నది. ఒక్క మూల వదిలేయండి. పది అడుగులకి పది అడుగులు చాలు. అక్కడ గడ్డి కొయ్యొద్దు, మందు కొట్టొద్దు, పిచ్చి మొక్కలు రానివ్వండి, ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి కుప్ప పోయండి. గాలివానకి చెట్టు కూలిందనుకోండి, ముక్కలు చేసి లారీలో ఎక్కించే ముందు ఒక మొద్దు ఆ మూలలో పడేయండి, పిల్లలు ఎక్కడానికీ, చెదలకీ, తొండలకీ పనికొస్తుంది. బోర్డు మీద నాలుగు ‘రాదు’లు అలాగే ఉంచుకోండి, ఆ మూలకి మాత్రం అవి వర్తించవని ఐదో లైను రాయండి. కోతికొమ్మచ్చి ఆడాలంటే చెట్టు ఉంటే చాలదు, ఎక్కనివ్వాలి కదా. మా పార్కు మాలీతో ఈ మాట అంటే ఆయన సంతోషంగా తలూపి, పైవాళ్లు ఒప్పుకుంటే నాకూ ఒక మూల పని తగ్గుతుందమ్మా అన్నాడు.

ఇక మొదట్లో చెప్పిన మాట, మిమ్మల్ని అడిగేది. మీ పత్రికలో రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం వేస్తారు. మా అత్తమ్మ మొదట చదివేది అదే. కార్తె మారినప్పుడు అది కూడా వేస్తారు. దాని కింద ఒక్క లైను జాగా ఇవ్వండి, ఈ కార్తెలో పిల్లలు బయట చూడగలిగేది ఏంటో. రైతులకి కార్తెలు ఎప్పుడూ అందుకే కదా, ఏ పదమూడు పద్నాలుగు రోజుల్లో ఏ వాన, ఏ విత్తనం, ఏ పురుగు అని. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, ఆ పూట చేపల మార్కెట్లో మామూలు కన్నా ఎక్కువ రకాలుంటాయి, పిల్లల్ని వెంట తీసుకెళ్లి పేర్లు అడగనివ్వండి. తర్వాత వానాకాలం సాగేకొద్దీ తూనీగల గుంపులు, గిజిగాడి గూళ్లు, ఆపైన గునుగు, తంగేడు. ఇరవై ఏడు కార్తెలకి ఇరవై ఏడు లైన్లు, రాయడానికి మీ విలేకరులకి ఊళ్లో ఒక అమ్మమ్మ దొరక్కపోతే మా అత్తమ్మని పంపిస్తాను.

జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తుంది. దాని లైను నేనే రాసిస్తున్నాను, వేసుకోండి: ‘వాన వెలిసిన మర్నాడు పొద్దున, సిమెంటు పోయని నేల ఎక్కడ మిగిలిందో చూసి, పిల్లలతో వెళ్లి వంగి చూడండి. ఎర్రగా, ఎనిమిది కాళ్లతో ఉంటుంది. పట్టుకోవచ్చు, వదిలేయాలి.’ నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు అలాంటి నేల ఎవరికైనా తెలిస్తే మీ పత్రికకే రాయమనండి, మేం పదమూడు మందిమి వస్తాం, వాచ్‌మన్ పిల్లలతో కలిపి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
నిజాంపేట, హైదరాబాద్